రాత్రి కారు ఎక్కడ పెడతారు?

ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నాం, ఏమంటావ్ అని అడిగే చుట్టాలు, స్నేహితులు ఈ మధ్య బాగా పెరిగారు. నేను అదే నడుపుతున్నాను కాబట్టి నన్నడగడం సహజమే. అందరూ మొదట అడిగేది, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తుంది అని. నేను దానికి జవాబు చెప్పకుండా, రాత్రిపూట మీ కారు ఎక్కడ పెడతారు అని అడుగుతాను. సొంతిల్లా, అపార్టుమెంటా? అపార్టుమెంటయితే మీ పార్కింగ్‌కి మీటర్ బోర్డు ఎంత దూరం? అద్దెకుంటున్నారా? కారు వీధిలో పెడతారా? కారు గురించి అడిగితే ఇంటి గురించి ఆరా తీస్తాడేంటి అన్నట్టు చూస్తారు చాలామంది.

కానీ అసలు విషయం అక్కడే ఉంది. ఎలక్ట్రిక్ కారు పనికొస్తుందా రాదా అనేది కారుని బట్టి కాదు, అది రాత్రి నిలబడే చోటుని బట్టి తేలుతుంది. ఆ చోట కరెంటు ఉంటే ఇంతకంటే సుఖమైన బండి లేదు. లేకపోతే ఇంతకంటే తలనొప్పి లేదు. మన ప్రభుత్వాలు రాయితీలు ఇస్తున్నాయి, పాలసీలు ప్రకటిస్తున్నాయి, ఇథనాలంటున్నాయి, హైడ్రోజనంటున్నాయి. ఆ చోటు గురించి మాత్రం పెద్దగా పట్టించుకోవడం లేదు.

దూరం సంగతి దాదాపు తేలిపోయింది. 2001లో బెంగళూరులో రేవా అనే చిన్న ఎలక్ట్రిక్ కారు వచ్చినప్పుడు ఒక ఛార్జికి ఎనభై కిలోమీటర్లు వస్తే గొప్ప. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన దూరం 312 కి.మీ. ఇప్పుడు అదే కారు 45 యూనిట్ల బ్యాటరీతో 489 అంటున్నారు. అది పరీక్షలో వచ్చిన అంకె, మనకి రాదు. ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే మూడు వందలు దాటుతుంది, హైవే మీద వంద స్పీడులో పోతే రెండొందల యాభై, అరవై దగ్గర ఆగుతుంది. పెట్రోలు బళ్లకి అలవాటుపడ్డవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా మోటారే జనరేటర్‌గా మారి కొంత కరెంటు వెనక్కిస్తుంది కాబట్టి కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో దీనికి మైలేజీ బాగుంటుంది, ఖాళీ రోడ్డు మీద తగ్గుతుంది. ఏదేమైనా రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగే మనిషికి రెండొందల యాభై తక్కువేమీ కాదు.

డబ్బు లెక్క చూడండి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు ఊళ్లో లీటరుకి పద్నాలుగు ఇస్తుందనుకుందాం. హైదరాబాదులో 2025లో ఉన్న లీటరు 107 రూపాయల లెక్కన నెలకి ఏడు వేల ఆరొందల చిల్లర. అదే దూరానికి ఎలక్ట్రిక్ కారు 155 యూనిట్ల దాకా తీసుకుంటుంది. ఇంటి మీటరులో పై శ్లాబు పడి యూనిట్ తొమ్మిది పది రూపాయలయినా పదిహేను వందలు. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ ఇరవై దాటుతుంది, అంటే మూడు వేల పైచిలుకు, పైగా అక్కడ కూర్చునే టైం. ఇంట్లో ప్లగ్ ఉన్నవాడికి నెలకి ఆరు వేలు మిగులుతాయి, లేనివాడికి నాలుగు వేలు మిగిలి ఆదివారాలు పోతాయి. కారు ఒకటే, మోడల్ ఒకటే.

సరే, సొంతిల్లు ఉంది కదా, ఏసీ కోసం పెట్టిన పదహారు ఆంపియర్ల ప్లగ్ ఉంది కదా, ఇంకేం అనుకుంటారు. తెనాలిలో మా నాన్నగారి ఇల్లు ముప్పై ఏళ్ల నాటిది. ఓ వేసవిలో అక్కడికి కారు తీసుకెళ్లి, కారుతో ఇచ్చిన ఛార్జర్‌ని ఆ ప్లగ్‌కి పెడితే ఎర్ర లైటు మిణుకుమంటూ కూర్చుంది, ఛార్జింగ్ ఎక్కదు. వీధి చివర ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఆయన హోల్డరుకి బల్బు, రెండు వైర్లు తగిలించిన టెస్ట్ ల్యాంప్ తెచ్చాడు. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ, అంటే లీకైన కరెంటుని భూమిలోకి దింపే తీగకీ, పెడితే లోపల ఫిలమెంటు మాత్రం ఎర్రగా, నీరసంగా కనపడింది. "ఎర్త్ ఎండిపోయిందండీ" అన్నాడు. ప్రహరీ పక్కన మట్టిలో పూడుకుపోయిన ఎర్తింగ్ గొట్టం ఎక్కడుందో వెతికి, చుట్టూ తవ్వి, బొగ్గు, రాళ్లుప్పు వేసి నాలుగు బకెట్ల నీళ్లు పోయించాడు. అమ్మ వరండాలోంచి చూసి, "కరెంటు కారన్నావు, మళ్లీ నీళ్లు పోయడమేంట్రా?" అంది. కాసేపటికి బల్బు కాస్త గట్టిగా వెలిగింది, ఛార్జర్ మీద ఆకుపచ్చ లైటు వచ్చింది.

ఆ ఇంట్లో ఫ్రిజ్జు, గీజరు, ఏసీ ఏళ్ల తరబడి ఎర్త్ లేకుండానే నడిచాయి. మిక్సీ ముట్టుకుంటే జివ్వుమంటే చెప్పులేసుకుని ముట్టుకోమనేవాళ్లం. ఎర్త్ లేకపోతే నేను పని చెయ్యను అని మొండికేసిన మొదటి వస్తువు కారే. షోరూంలో మనకి టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్ చూపిస్తారు. కారు డెలివరీకి ముందే ఇంటికి మనిషిని పంపి ఎర్త్ చూడటం అన్నిటికంటే ముఖ్యమని నా ఉద్దేశం. కొన్నిచోట్ల పంపుతున్నారు, కొన్నిచోట్ల కాగితం మీద టిక్కు పెట్టి సరిపెడుతున్నారు.

అపార్టుమెంటు సంగతి వేరే. నేను మియాపూర్‌లో ఉంటాను. మా మీటర్లన్నీ కింద లిఫ్టు పక్కన ఒకే ప్యానెల్‌లో ఉంటాయి, నా పార్కింగ్ సెల్లార్‌లో ఆ మూల. నా మీటర్ నుంచి నా స్లాట్ దాకా పైపులో రాగి కేబుల్ లాగి, లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్చు, ఎంసీబీ, సొంతంగా పెట్టుకుంటాను, ఖర్చంతా నాదే, బిల్లూ నాదే అని అసోసియేషన్‌కి చెప్పాను. ఇందులో అభ్యంతరానికి ఏముంటుందని నా అమాయకత్వం. ముందు, కామన్ కరెంటు వాడుకుంటాడేమో అన్నారు. కాదని మీటర్ చూపించాను. తర్వాత గోడకి పైపులు వేస్తే అందం పోతుందన్నారు. అప్పటికే ఆ గోడ మీద ఇంటర్నెట్ వాళ్ల వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇంటి కనెక్షన్ నుంచే కారు ఛార్జి చేసుకోవచ్చన్న కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ప్రింటు తీసి చూపిస్తే, "మార్గదర్శకాలే కదా సార్, చట్టం కాదుగా" అన్నారు ప్రెసిడెంట్‌గారు. ఆయన రిటైర్డ్ గవర్నమెంట్ ఆఫీసరు. ఆ రెంటికీ తేడా ఆయనకి తెలిసినంత బాగా నాకు తెలియదు.

నిప్పు భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక మనిషి చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేచి, పైన లాడ్జిలో దిగినవాళ్లు ఎనిమిది మంది పొగకి బలయ్యారు. అవి స్కూటర్లు, తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిపరిచారు, కార్ల బ్యాటరీలకి చల్లబరిచే ఏర్పాట్లు వేరు. ఇవన్నీ నిజమే. అయినా సెల్లార్ పైన అరవై కుటుంబాలు నిద్రపోతున్నప్పుడు ఒకావిడ లేచి, "ఏమైనా అయితే మేం పైనుంచి ఎట్లా దిగుతాం బాబూ?" అని అడిగితే ఆమెకి గణాంకాలు చెప్పలేం. నేను చెప్పగలిగింది ఒకటే: నాసిరకం ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి దొంగచాటుగా ఛార్జి చేసేవాడికంటే, అందరికీ తెలిసేలా మంచి కేబులూ ఎంసీబీ పెట్టుకున్నవాడి వల్ల ప్రమాదం తక్కువ. మీరు వద్దంటే జనం మొదటి పనే చేస్తారు.

ఆ మీటింగులో అసలైన ప్రశ్న వేసింది రెండో ఫ్లోర్ కుర్రాడు. "సార్, రేపు అందరూ ఇవే కొంటే మన ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుందా?" అరవై ఇళ్లు, ఒక్కో కారు 3.3 కిలోవాట్లు, అందరూ రాత్రి ఎనిమిదింటికి వచ్చి ఒకేసారి ప్లగ్ పెడితే దాదాపు రెండొందల కిలోవాట్లు. తట్టుకోదు. కానీ రోజుకి ముప్పై అయిదు కిలోమీటర్లు తిరిగిన కారుకి కావలసింది అయిదారు యూనిట్లు, అంటే రెండు గంటల ఛార్జింగ్. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా వంతులవారీగా టైమర్ పెడితే అదే ట్రాన్స్‌ఫార్మర్ చాలు. కట్టేటప్పుడే ప్రతి స్లాట్‌కీ ఒక ఖాళీ పైపు వేసి ఉంచితే ఖర్చు చాలా తక్కువ, కట్టాక స్లాబుకి రంధ్రాలు కొట్టాలంటే గొడవే గొడవ. 2019లోనే కేంద్రం నమూనా నిర్మాణ నిబంధనల్లో పార్కింగ్‌లో అయిదో వంతుకి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని రాసింది. అయిదో వంతెందుకు? పైపు అన్నిటికీ వెయ్యొచ్చు కదా. ఇప్పుడు లేచే టవర్లు ఇంకో యాభై ఏళ్లుంటాయి.

అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుక్కి ఈ గోలంతా అర్థం కాదు. "ఇంట్లో ప్లగ్ చేస్తే అయిపోద్ది కదరా" అంటాడు. వాడుండేది డల్లాస్ పక్కన సొంతింట్లో. రెండు కార్ల గరాజ్, గోడ అవతలే బట్టలారబెట్టే మెషీన్ కోసం 240 వోల్టుల లైను. వాడికి కారు కొనడమొక్కటే పని. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 ఎలక్ట్రిక్‌వే అని మనవాళ్లు తరచూ ఉదాహరిస్తారు. మన దేశంలో ఆ ఏడాది అది నూటికి రెండున్నర. మనవాళ్లకి పర్యావరణం మీద ప్రేమ లేదని దీనర్థం కాదు, ఇళ్లూ ధరలూ వేరు.

ఇక హైవే. హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 275 కి.మీ. ఇంటి దగ్గర నిండా ఎక్కించి బయల్దేరితే దారిలో ఒకసారి, సూర్యాపేట దగ్గరో కోదాడ దగ్గరో, ఆగాలి. ఎలాగూ టిఫినుకి ఆగుతాం కాబట్టి అరగంట, నలభై నిమిషాలు ఇబ్బందేమీ కాదు. ఎనభై శాతం దాటాక మాత్రం బ్యాటరీ నెమ్మదిగా ఎక్కుతుంది, అక్కడితో గన్ తీసేసి వెనకవాళ్లకి చోటివ్వాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఒక్కో ఛార్జర్‌ది ఒక్కో యాప్, ఒక్కోదాంట్లో ముందే డబ్బు వేసి పెట్టాలి. యాప్‌లో ఆకుపచ్చగా కనపడినదాని దగ్గరికి పోతే స్క్రీన్ నల్లగా ఉంటుంది. హోటల్ కుర్రాడు, "పొద్దుట్నుంచి రావట్లేదన్నా" అంటాడు. పెట్రోలు బంకులో పంపు పనిచేయకపోతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ టోల్‌ఫ్రీ నంబరుంటుంది. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర ఎంత క్యూ ఉంటుందో ఆ దారిన వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఆ కార్లలో నూటికి పది ఎలక్ట్రిక్‌వి అయిన రోజున సూర్యాపేట ఛార్జర్ల దగ్గర ఏమవుతుందో తలుచుకుంటే టెన్షన్ వస్తుంది. అందుకని పండక్కి పొద్దున నాలుగింటికి బయల్దేరతాను. ఏడాదికి రెండు మూడుసార్ల బాధ ఇది. రోజూ ఉండే బాధ పార్కింగ్‌ది.

ఎలక్ట్రిక్ వద్దు, వేరే ఇంధనాలున్నాయి కదా అనేవాళ్లున్నారు. సీఎన్‌జీ మంచిదే, కిలోమీటరు ఖర్చు పెట్రోలు కంటే తక్కువ, పొగ తక్కువ. డిక్కీలో సిలిండర్ కూర్చుంటే సూట్‌కేసు ఒళ్లో పెట్టుకోవాలి, అది కొన్ని కొత్త మోడళ్లలో సర్దారు. అసలు చిక్కు బంకు దగ్గర. అన్ని బంకులకీ పైప్‌లైన్ ఉండదు. లేనిచోటికి గ్యాసు లారీల మీద సిలిండర్ల గుత్తుల్లో వస్తుంది. లారీ రావడం ఆలస్యమైతే ప్రెషర్ పడిపోతుంది, బండి టాంకు సగమే నిండుతుంది, వెనక ఆటోలు బారులు తీరతాయి. ఆటో అన్న గంట లైనులో ఉంటే ఆ గంట కిరాయి పోయినట్టే. పైపు ఉన్న ఊళ్లో ఉండి రోజూ ఎక్కువ తిరిగేవాళ్లకి, వీధిలో బండి పెట్టేవాళ్లకి, నా దృష్టిలో ఈ రోజుకి ఇదే ఆచరణసాధ్యం.

ఇథనాల్ దగ్గర మాత్రం నాకు గట్టి అభ్యంతరముంది. ధాన్యం, చెరుకు నుంచి తీసే ఈ ఇథనాల్‌ని పెట్రోలులో ఇరవై శాతం కలపాలన్న లక్ష్యం మొదట 2030కి, దాన్ని ముందుకి జరిపి 2025కే చేరుకున్నారు. చమురు దిగుమతి తగ్గుతుంది, రైతుకి గిరాకీ వస్తుంది అన్న వాదనలో నిజముంది. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత ఇంజన్ల కార్లకి ఇ20తో, అంటే ఆ ఇరవై శాతం కలిపిన పెట్రోలుతో, మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ తయారుచేసిన ప్రణాళికలోనే ఉంది. మొక్కజొన్న ఇథనాల్‌కి 2024-25లో చమురు కంపెనీలు లీటరుకి 71.86 చెల్లించాయి. పన్నులు తీసేస్తే అప్పటి పెట్రోలు ధర అంతకంటే తక్కువ. కాబట్టి బంకులో మనకి రేటు తగ్గలేదు, మైలేజీ మాత్రం తగ్గింది. బ్రెజిల్‌లో 2003 నుంచి రెండిటితోనూ నడిచే కార్లున్నాయి. అక్కడి డ్రైవరు బంకులో రెండు రేట్లూ చూసి, ఇథనాల్ ధర పెట్రోలులో డెబ్భై శాతం కంటే తక్కువైతేనే అది పోయించుకుంటాడు. మనకి ఆ ఎంపికే లేదు.

నన్ను ఎక్కువ తొలిచేది బియ్యం లెక్క. టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. నలభై లీటర్ల టాంకు నింపితే అందులో ఇథనాల్ ఎనిమిది లీటర్లు. అది బియ్యం నుంచే తీస్తే పద్దెనిమిది కిలోలు కావాలి. తెలంగాణలో రేషను మనిషికి నెలకి ఆరు కిలోలు. ఒక టాంకు, ముగ్గురి నెల బియ్యం. అంతా బియ్యం నుంచే రాదు, నిజమే. మొక్కజొన్న ఉంది, చెరుకుంది, నూకలున్నాయి. కానీ ఏ పంటైనా నీళ్లు తాగే పెరుగుతుంది, మన దగ్గర ఆ నీళ్లు చాలావరకు బోర్లలోంచి, ఆ బోర్లకి కరెంటు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో ఊళ్లు ఊళ్లు రోడ్డెక్కితే పనులు ఆపాల్సి వచ్చింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ గొడవలయ్యాయి. వాళ్లెవరూ పచ్చ ఇంధనానికి వ్యతిరేకులు కారు. తమ నీళ్లకీ గాలికీ ఏమవుతుందోనని భయపడ్డారు. హైదరాబాదులో కార్ల టాంకులు పచ్చబడటానికి వాళ్ల చెరువు ఎందుకు పాడవ్వాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు. కుళ్లిన ధాన్యం, గడ్డి నుంచి తీస్తే సంతోషం. మంచి బియ్యం మాత్రం వద్దు.

హైడ్రోజన్ గురించి రెండు ముక్కలు చాలు. 2022 మార్చిలో కేంద్రమంత్రి గడ్కరీ హైడ్రోజన్‌తో నడిచే మిరాయ్ కారులో పార్లమెంటుకి వెళ్లినప్పుడు వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి. నీళ్ల నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి యాభై యూనిట్ల పైన కరెంటు కావాలి, ఆ కిలోతో కారు వంద కిలోమీటర్ల చిల్లర పోతుంది. అదే యాభై యూనిట్లు నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే మూడొందలు పోతుంది. విశాఖ దగ్గర పూడిమడకలో కడుతున్న హైడ్రోజన్ హబ్ ఎరువులకి, ఉక్కుకి, ఓడలకి ఉపయోగపడితే మంచిదే. మనింటి ముందు కారుకి మాత్రం కాదు.

మరి ఆ కరెంటు బొగ్గుదే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అవును, రామగుండందే. దేశం సగటున ఒక యూనిట్‌కి 700 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే నా కారు కిలోమీటరుకి 110, 120 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, లీటరుకి పదిహేను ఇచ్చే కారుకి కిలోమీటరుకి 150 పైన, పెట్రోలు శుద్ధి చేయడానికి అయ్యేది వేరే. బ్యాటరీ తయారీలో వెలువడేది కలుపుకుంటే మొదటి ఏళ్లలో ఈ తేడా ఇంకా తగ్గుతుంది. ఎక్కువ తిరిగే బండికే ఆ పెట్టుబడి తీరుతుంది. వారానికోసారి గుడికి తీసే కారు ఎలక్ట్రిక్‌దైతే భూమికీ లాభం లేదు, జేబుకీ లేదు.

అందుకే నా ఓటు బస్సుకీ ఆటోకీ. తిరుపతి నుంచి తిరుమలకి 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. ఎక్కేటప్పుడు గట్టిగా కరెంటు తింటుంది, దిగేటప్పుడు బ్రేకుల్లోంచి కొంత తిరిగి పోగేసుకుంటుంది. రోజంతా అదే దారి, రాత్రికి అదే డిపో, అక్కడే ఛార్జర్. ఈ బస్సు రాత్రి ఎక్కడుంటుందో ముందే తెలుసు కాబట్టే అది చక్కగా నడుస్తోంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం ఎత్తేసింది, 2026 డిసెంబరు 31 దాకా. ఇరవై లక్షల కారు కొన్నాయనకి దీనివల్ల మూడు లక్షల పైన మిగులుతుంది. ఆయనకి సొంత విల్లా, సొంత గరాజ్ ఉంటాయి, ఆ మూడు లక్షలు లేకపోయినా కొనేవాడే. ఆ డబ్బుతో ఒక పాత అపార్టుమెంటు సెల్లార్ మొత్తానికి వైరింగ్ చేయించొచ్చు, ఆటో స్టాండుల దగ్గర బ్యాటరీ మార్చుకునే డబ్బాలు పెట్టించొచ్చు. రాయితీలో నేనూ లాభపడ్డాను, అయినా అంటున్నాను.

మొన్న మా బావ ఫోన్ చేశాడు. బోడుప్పల్‌లో మూడో ఫ్లోర్‌లో అద్దెకుంటాడు, కారు సందులో వేపచెట్టు కింద పెడతాడు, ఓనరు మోటారు వేయడానికే బిల్లు గురించి సణుగుతాడు. ఆఫీసు ఇంటినుంచే, కారు నెలకి నాలుగొందల కిలోమీటర్లు కూడా తిరగదు. "నువ్వు ఎలక్ట్రిక్ నడుపుతున్నావుగా బామ్మర్దీ, నాకూ అదే బుక్ చేయించు" అన్నాడు. వద్దు బావా, చిన్న పెట్రోలు కారు చూసుకో, ఇల్లు కొనుక్కున్నాక మాట్లాడదాం అన్నాను. అక్క ఫోన్ లాక్కుని, మీ బావకి ఒక్క మంచి సలహా ఇచ్చావంది. నెలకి అయిదారు వేల కిలోమీటర్లు తిరిగే వాళ్ల పక్కింటి క్యాబ్ డ్రైవరు మాత్రం ఎలక్ట్రిక్ తీసుకున్నాడట, వాళ్ల కంపెనీ యార్డులో రాత్రి ఛార్జింగ్ ఉంది.